హైసా పాటలో ఇటాలియన్ ఎక్కాలు

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. నేను నోటితో ఒక ఇటలీ మెషీన్‌ను లడ్డూల బుట్ట మీదికి ఎక్కించాను. చేత్తో ముట్టుకోలేదు. కాలితో తన్నలేదు. కళ్లయినా తెరవలేదు. నమ్మకపోతే జంషెడ్‌పూర్ వచ్చి సీతారాండేరాలో ఎవరినైనా అడగండి. మీరు అడగకపోయినా వాళ్లే ఆపి చెబుతారు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఇంట్లో మగవాళ్లంతా ఖలాసీలు. క్రేన్ దూరని మూలకు మెషీన్‌ను చేర్చాలంటే మా అప్పన్న మావయ్య ముఠాను పిలుస్తారు. మెషీన్ కింద ఇనుప రోలర్లు పెట్టి, తాళ్లు కట్టి, అందరూ కలిసి లాగుతారు. ఒకరు పాట అందుకుంటారు. వరస చివర అందరూ "హైసా" అని ఒక్కసారి లాగుతారు. పాట లేకపోతే తాడు కదలదు. అది వాళ్ల లెక్క.

నాకు ఎక్కాలు నేర్పింది మా అమ్మమ్మ. ఆవిడకు వచ్చిన రాగం తాతయ్య ముఠా రాగం ఒక్కటే. కాబట్టి నా ఎక్కాలు ఇలా ఉండేవి: "రెండొకట్ల రెండూ, రెండ్రెళ్ల నాలుగూ, హైసా!" కళ్లు మూసుకుని చెప్పాలి. తెరిస్తే తొడపాశం.

"కల్లు మూసుకుంతేనే సదువు లోపలికెల్తాది. తెరిసేవంటే బయటికొచ్చేత్తాది గుంటా," అనేది అమ్మమ్మ.

దాని ఫలితం ఏమిటంటే, ఏడెనిమిదులెంత అని ఎవరైనా అడిగితే నేను కళ్లు మూసుకుని ఏడొకట్ల దగ్గర బయల్దేరేదాన్ని. మధ్యలో ఎక్కడా ఎక్కడం రాదు, దిగడం రాదు. నేను చేరేలోగా పక్కపిల్ల జవాబు చెప్పేసి టిఫిన్ డబ్బా కూడా తెరిచేది.

ఇక అసలు కథ. ఆదిత్యపూర్‌లో ఒక వర్క్‌షాపులో స్టోర్స్‌లో టెంపరరీగా చేరాను. ఓనరు సింగ్ సాబ్. ఒకరోజు ఆయన అందరినీ పిలిచి, ఇటలీ నుంచి కొత్త మెషీన్ వస్తోందనీ, దాన్ని కూర్చోబెట్టడానికి అక్కడి ఇంజినీరు వస్తున్నాడనీ, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రమేననీ చెప్పాడు.

"ఇటాలియన్ కిసీకో ఆతీ హై?" అన్నాడు, మాలో ఎవరికైనా వచ్చా అని.

నా చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో దాన్నే అడగాలి. అప్పటికి నేను ఫోన్లో ఒక ఉచిత క్లాసు చూస్తున్నాను. చూస్తున్నానంటే, క్రియల పట్టికలు బట్టీ పడుతున్నాను. మాటలు, వాక్యాలు తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. ఎక్కాలు వస్తే లెక్కలు వచ్చినట్టే కదా అని నా ధీమా.

"సునావ్," అన్నాడు సింగ్ సాబ్, వినిపించమని.

కళ్లు మూసుకున్నాను. "పార్లో, పార్లి, పార్లా, పార్లియామో, పార్లాతే, పార్లనో!" నేను మాట్లాడతాను మొదలుకుని వాళ్లు మాట్లాడతారు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. హైసా మాత్రం పళ్ల మధ్య నొక్కిపెట్టాను. ఆ గదిలో తప్పు పట్టగలిగినవాడు ఒక్కడూ లేడు. అదే నా కొంప ముంచింది.

"కమాల్ హై! ఈ పిల్ల బాగా చేస్తే ఆఫీసులో పర్మనెంటు. చేయకపోతే కలకత్తా నుంచి దుబాసీని పిలిపిస్తా, ఈమె స్టోర్స్ కుర్చీ కూడా ఖాళీ," అన్నాడు హిందీలో.

పర్మనెంటు! ఆ మాట మా అమ్మ చెవిన పడిన సాయంత్రానికే పక్కపేట భాలుబాసా దాకా పాకింది. మా అమ్మ టాటానగర్ స్టేషన్‌కు చుట్టాన్ని దింపడానికి వెళ్లి, కదిలే రైల్లోని ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా చెప్పి వచ్చింది. ఇక వెనక్కి తగ్గేదెలా?

ఇంజినీరు రావడానికి నెల ఉంది. ఆ నెలంతా మా ఇంట్లో ఒకటే ఇటలీ. అమ్మమ్మ రాగంలో పెడితే ఏ క్రియ అయినా చచ్చినట్టు లొంగేది. నేను ఆపుతాను ఒక వరస. ఆపేదాన్ని ఇంకో వరస. ఆపబోతాను మరొకటి. వీలైతే ఆపేదాన్నే అని సాగదీయడానికి ఇంకొకటి. అనుమానానికి వాళ్లకు ప్రత్యేకంగా ఒక వరస ఉంది! అన్నిటికీ అనుమానపడే మా అమ్మ పొరపాటున ఇక్కడ పుట్టింది గానీ ఇటలీలో పుట్టాల్సిన మనిషి. మావయ్య ముఠావాళ్లు మా అరుగు మీద టీ తాగుతూ నా ప్రతి వరసకూ చివర "హైసా" కలిపేవాళ్లు.

"ఏటే పైడీ, ఈ పాట బాగుందే. మా పాతపాట అరిగిపోనాది," అన్నాడు మావయ్య.

"మావయ్యా, యే గానా నహీ హై, గ్రామర్ హై!" అన్నాను విసుగ్గా.

"గెరామరో గిరామరో. లాగడానికి పనికొత్తాది," అన్నాడాయన.

ఈ మాట అప్పుడు చెవిన పెట్టి ఉంటే ఇప్పుడు మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంజినీరు వచ్చాడు. పేరు మార్కో. తెల్లటి గడ్డం, మెత్తటి మనిషి. మొదటిరోజే నన్నేదో అడిగాడు. నేను కళ్లు మూసుకుని ఆ క్రియ పట్టుకుని వరస మొదటినుంచీ చెప్పుకుంటూ వచ్చి, ఎవరు ఏం చేస్తారో తేల్చుకుని కళ్లు తెరిచేసరికి ఆయన తనంతట తానే వెతుక్కుని మంచినీళ్లు తాగి వచ్చేశాడు. సాయంత్రానికి అలవాటుపడ్డాడు. నేను కళ్లు మూసుకోగానే పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చునేవాడు. దూరం నుంచి చూసి సింగ్ సాబ్ మురిసిపోయాడు. "దేఖో, ఎంత వివరంగా చెబుతోందో!" అన్నాడట.

మెషీన్ కూర్చోబెట్టే రోజు రానే వచ్చింది. షెడ్డులో ఒక మూల సిమెంటు దిమ్మ, దాని మీద నిలబెట్టిన బోల్టులు, వాటికంటే ఎత్తుగా రోలర్లు దొర్లడానికి దుంగలు. దిమ్మ అవతల గోడవారగా పూజకు బల్ల, కొబ్బరికాయలు, బుట్టెడు లడ్డూలు, పక్కన కుర్చీలో కొత్త కుర్తాతో సింగ్ సాబ్. క్రేన్ సగం దూరం తెచ్చి చేతులెత్తేసింది. మిగతాది మావయ్య ముఠా పని. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు గనక, ఆ షెడ్డు మొత్తానికి రెండు దేశాల మధ్య దారి నేనొక్కదాన్నే.

మెషీన్ అడుగులో కన్నాలు బోల్టులకు సరిగ్గా పైకి రాగానే ఆపాలి. ఆ తర్వాత జాకీల మీద దింపుతారు. ఇంత మటుకు మార్కో చేతులు ఊపి నాకు చెప్పాడు. నేను ముఠాకు చెప్పాను.

"ఆయన ఆపమన్నప్పుడు నేను చెబుతాను. అప్పుడు ఆపాలి, సరేనా?"

"నువ్వు నోరిప్పితే సాలు, మా సెవులు నీకాడే ఉంతాయి," అన్నాడు మావయ్య.

దిమ్మ అవతలి గోడకున్న కొక్కేనికి కప్పీ కట్టారు. తాడు దాంట్లోంచి వెనక్కి తిరిగి, మెషీన్ వెనకున్న ముఠా భుజాల మీదికొచ్చింది. అందువల్ల వాళ్ల వీపులు మెషీన్ వైపు, మొహాలు నా వైపు. పాతపాటతో మెషీన్ బుద్ధిగా జరిగింది. మార్కో వంగి కన్నాలు చూస్తూ ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"ఫెర్మాతే!"

పాట ఆగింది. ముఠా కూడా ఆగింది. అంతా నా వైపు చూశారు. నేను "ఆ" అని ఊరుకుంటే సరిపోయేది. కానీ నేను పర్మనెంటు కాబోయే దుబాసీని. ఫెర్మాతే అంటే ఎవరు ఆపడం? నువ్వా, మీరా, వాళ్లా? తేల్చకుండా చెబితే పరువు పోదూ? కళ్లు మూసుకున్నాను. కంగారులో గొంతు పైకి లేచింది.

"ఫెర్మో, ఫెర్మి, ఫెర్మా, ఫెర్మియామో, ఫెర్మాతే, ఫెర్మనో!"

"హైసా!" అంది ముఠా.

ఏదో కిర్రుమంది. మార్కో ఈసారి ఇంకా గట్టిగా "ఫెర్మాతే! ఫెర్మాతే!" అని అరిచాడు. అయ్యో, వరస తప్పు చెప్పానేమో, ఆ మాట భవిష్యత్తు వరసలో ఉందేమో అనుకున్నాను. కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"ఫెర్మెరో, ఫెర్మెరాయ్, ఫెర్మెరా, ఫెర్మెరేమో, ఫెర్మెరేతే, ఫెర్మెరాన్నో!"

"హైసా!"

వర్తమానంలో జానెడు జరిగిన మెషీన్ భవిష్యత్తులో మూరెడు జరిగింది. మార్కో ఇప్పుడు నాకు తెలియని మాటలు కూడా అంటున్నాడు. అవి ఏ పట్టికలోనూ లేవు. నేను చివరి అస్త్రంగా, వీలైతే ఆపేదాన్నే అనే వరస అందుకున్నాను. అది అన్నిటికంటే పొడుగు.

"ఫెర్మెరెయ్, ఫెర్మెరెస్తీ, ఫెర్మెరెబ్బే, ఫెర్మెరెమ్మో, ఫెర్మెరెస్తే, ఫెర్మెరెబ్బెరో!"

"హైసాఆఆ!"

ఫట్, ఫటేల్, చప్పచప్ప అని మూడు చప్పుళ్లు. కళ్లు తెరిచాను. బల్ల విరిగింది. కొబ్బరికాయలన్నీ పంతులుగారి ప్రమేయం లేకుండానే పగిలాయి. మెషీన్ ముందుభాగం లడ్డూల బుట్ట మీద నిదానంగా విశ్రమించింది. సింగ్ సాబ్ కుర్చీ ఎక్కి గోడకు అతుక్కుని ఉన్నాడు. కొత్త కుర్తా నిండా బూందీ.

"కిస్‌నే బోలా ఖీంచో?" అని గర్జించాడు గోడమీంచే, లాగమన్నదెవరని.

"మా పైడే బాబూ," అన్నాడు మావయ్య చెమట తుడుచుకుంటూ గర్వంగా. "పాట మీద పాట! నిన్నటిదాకా ఇంట్లో పాడీది, ఇయేల మా కోసం పాడినాది. మరి లాగమా ఏటి?"

"మావయ్యా, అది ఆపమని!" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఆపమని పాటెవులు పాడతారే? ఆపాలంతే నోరు మూత్తే సాలు కదేటి!"

నా పర్మనెంటు ఉద్యోగం బూందీతో పాటు నేలరాలడం కళ్లారా చూశాను. నిజంగా ఏడుపొచ్చింది. అమ్మ మొహం గుర్తొచ్చింది. రైల్లో వాళ్లు కూడా గుర్తొచ్చారు.

మార్కో మెషీన్ చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క గీత పడలేదు. రోలర్ మీద కూర్చుని నన్ను చూశాడు, ముఠాను చూశాడు, ఎగిరి తన చొక్కామీద పడ్డ లడ్డూముక్క ఏరి నోట్లో వేసుకున్నాడు. అంతే, నవ్వడం మొదలుపెట్టాడు. లేచి, తాడు వెనకవైపు కట్టించి, నాలాగే కళ్లు మూసుకుని మా అమ్మమ్మ రాగంలో "ఫెర్మో, ఫెర్మి" అని ఎత్తుకున్నాడు! ముఠా "హైసా" అంది. మెషీన్ వెనక్కి నడిచింది. కన్నాలు బోల్టులకు సరిగ్గా పైకి రాగానే ఆయన ఏం చేశాడనుకున్నారు? నోరు మూశాడు. మెషీన్ ఆగింది.

సింగ్ సాబ్ కుర్చీ దిగి కుర్తా మీది బూందీ దులుపుకున్నాడు.

"తేరీ నౌక్రీ పక్కీ," అన్నాడు. ఉద్యోగం ఖాయమట! "వెనక్కి లాగడానికీ పాట నీదే పనికొచ్చింది. నువ్వు నోరు తెరిస్తే మెషీన్ కదులుతుంది, మూస్తే ఆగుతుంది. ఇలాంటి స్విచ్చి నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

అలా పర్మనెంటయ్యాను. దుబాసీగా కాదు. మెషీన్లు జరిపేటప్పుడు విజిల్ ఊది, ఎర్రజెండా చూపించే మనిషిగా. షరతు ఒక్కటే, డ్యూటీలో విజిల్ నోట్లోంచి తీయకూడదు. అమ్మకు మాత్రం ఇటలీవాళ్లే పట్టుబట్టి నన్ను పర్మనెంటు చేయించారని చెప్పాను.

కాబట్టి పాఠక మహాశయులారా, నలిగిన లడ్డూల సాక్షిగా, పగిలిన కొబ్బరికాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చేతిలో తాడున్న మనిషి కనుచూపుమేరలో ఉండగా ఏ భాషలోనూ, ఏ కాలంలోనూ, వీలైతే అనే వరసలో సైతం, ఒక్క క్రియ కూడా చెప్పను గాక చెప్పను. ఇంకా చాలా చెప్పాలని ఉంది గానీ, డ్యూటీ మొదలైంది, నోట్లో విజిల్ ఉంది.