పెరుగు డబ్బాల డిసెంబరు

మొన్న వాటర్లూ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, వాళ్ల చిన్న డేటాబేస్‌లో తేదీలు సంవత్సరం ముందు వచ్చేలా దాచాలని తను చెబితే టీమ్ లీడ్ వెంటనే మార్పించిందని మాటల మధ్యలో మామూలుగా అంది. నాకు మాత్రం ఈ దేశం వచ్చిన కొత్తలో వాన్ అనే ఊళ్లో చేసిన నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో వచ్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు, నా వర్క్ పర్మిట్ ఆ ఒక్క కంపెనీకే ముడిపడి ఉండేది, ఉద్యోగం పోతే దేశంలో ఉండటమే ప్రశ్న. పాలూ పెరుగూ నిలవచేసే గోదాములో, ముందు గడువు తీరే సరుకు ముందు బయటికి వెళ్లేలా జాబితా ఇచ్చే ప్రోగ్రాం మా పని. ఆ డేటాబేస్‌కు తేదీ అంటే ఏమిటో తెలియదు, రాసినదాన్ని ఉత్త అక్షరాలుగా దాచుకుని ఎడమ నుంచి పోల్చుకుంటుంది. అమెరికా మీదుగా వచ్చిన మా హైదరాబాద్ లీడ్ అక్కడి అలవాటుకొద్దీ నెల ముందు, సంవత్సరం చివర రాయించాడు. ఆ వరుస తిరగేసి సంవత్సరం ముందు పెట్టాలని నేనంటే అందరి ముందూ నవ్వి, "పెరుగు ఏడాది ఉంటదా ఏంది బాబూ? నెల ముందుంటే చాలు, టైమ్ వేస్ట్ చెయ్యకు" అన్నాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

డిసెంబరు వచ్చేసరికి, సున్నాతో మొదలయ్యే జనవరి తేదీలు వచ్చే ఏటివైనా జాబితాలో పైకెక్కాయి, డిసెంబరులో గడువు తీరే డబ్బాలు వెనకే ఉండి పులిసిపోయాయి. ఎవరు రాశారని మేనేజర్ అడిగితే లీడ్ నన్ను చూపించాడు. ఆ వారమంతా ఇంట్లో మా ఆవిడ సూట్‌కేసుల మీద దుమ్ము తుడుస్తూ కూర్చునేది. తేదీలన్నీ సంవత్సరం, నెల, రోజు వరుసలోకి నేనే మార్చాను. జాబితా కుదుటపడింది, ఉద్యోగం నిలిచింది, మెప్పు మాత్రం లీడ్ పట్టుకుపోయాడు. ఇప్పుడు ఫంక్షన్లలో కనబడితే నన్ను గారూ అని పిలుస్తాడు. నమస్కారం పెడతాను, అంతకుమించి మాట కలపను.

ఇదంతా చెబితే మా అమ్మాయి, "డాడ్, వై డిడ్న్ట్ యూ జస్ట్ టెల్ ద మేనేజర్?" అంది. పర్మిట్ మీద బతికేవాడి గొంతు ఎంత సన్నబడుతుందో తనకు తెలియదు. తెలియకుండా పెరిగినందుకు సంతోషమే. సిటిజన్‌షిప్ వచ్చి ఇన్నేళ్లయినా, మీటింగుల్లో నా గొంతు మాత్రం ఇంకా అలాగే ఉంది.