మా దర్వాజ ముందటి కందిలి కంబం

నిజాంసాగర్ కాలువ నీళ్ళు పారి నాలుగు పంటలు చేతికందాక, బాన్సువాడలో మావంటి వ్యవసాయదారుల ఇళ్ళకు గోడలతో పాటు గొప్పలు కూడా లేచాయి. మా నాన్న గొప్ప ఒక కందిలి కంబం. ఊళ్ళో నాలుగు వీధి దీపాలు పెట్టమని సర్కారు హుకుం రాగానే, అందులో ఒకటి మా ఇంటి ముందే ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఎదురింట్లో ఉండే మా మేనత్త భర్త కూడా అదే పట్టు పట్టాడు. బావా బావమరుదులిద్దరూ నెల రోజులు పొలం ముఖం చూడకుండా తహసీలు కచేరి చుట్టూ తిరిగారు. చివరికి నాన్నే గెలిచాడు.

పాతే రోజు బావి తాడు తెప్పించి, దర్వాజను ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిపించి, సరిగ్గా దాని నడిమధ్యకు ఎదురుగా గుంత తవ్వించాడు. కాస్త పక్కకు జరిగితే అది ఎదురింటి వాళ్ళ దీపమని జనం అనుకుంటారట.

"జర పక్కకు పెడితే మంచిగుంటది పటేలా" అని గుంత తవ్వే మనిషి నసిగాడు.

"నడుమ పెట్టమన్న. నడుమనే పెట్టు" అన్నాడు నాన్న.

దర్వాజకు బారెడు దూరంలో, నడుములోతు రాళ్ళు కూరి పాతారు. అన్నీ కొలిచారు. బండి వెడల్పు ఒక్కటే కొలవలేదు.

ఈ తెలివి వెంటనే బయటపడలేదు. వడ్ల బండ్లు చేను దగ్గరి కొట్టంలోనే ఉండేవి. ఇంటి వాకిట్లోకి వచ్చేది తెరలు కట్టిన సవారీ బండి ఒక్కటే, అదీ ఆడవాళ్ళు ఊరికి పోయేటప్పుడు. మా ఇంటి ఆడవాళ్ళు వీధిలో కాలు పెట్టకూడదు. బండి లోపలికి రావాలి, దర్వాజ మూయాలి, అమ్మ ఎక్కాలి, తెరలు దించాలి, అప్పుడు దర్వాజ తియ్యాలి. గంప కింద కోడిని కూడా ఇంత భద్రంగా ఎవరూ దాచరు. పోనీ ఆ కందిలైనా వెలిగిందా అంటే, పెద్ద అధికారి ఊళ్ళో దిగిన నాడు వెలిగేది. మిగతా రోజుల్లో దాని మీద కాకులు వాలేవి.

అట్లాంటి రోజుల్లో కోటగిరి నుంచి ఒక మనిషి కబురు తెచ్చాడు. అమ్మమ్మ మంచం పట్టింది, బిడ్డను చూడాలని కలవరిస్తోంది. అమ్మ అప్పటికప్పుడు మూట కట్టుకుంది. జీతగాడు సవారీ బండి తోలుకొచ్చి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎద్దులను అదిలించాడు, చివరికి కాడి దించి తల గోక్కున్నాడు.

"కంబం అడ్డమున్నది పటేలా. బండి పట్టది."

నాన్న ముఖం అప్పుడు చూడాలి. ఎదురరుగు మీద మామ తమలపాకుకు సున్నం రాసుకుంటూ అంతా గమనిస్తున్నాడు.

"ఏంది బావా, బండి లోపలికి సొస్తలేదా?" అని తీరిగ్గా అడిగాడు.

"ఇరుసు ఖరాబైంది. బాగు చేయిస్తున్న" అన్నాడు నాన్న. నిక్షేపంలాంటి ఇరుసుకు రోగం అంటగట్టిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

కంబం పీకించమని అమ్మ అడిగింది. పీకితే అది ఎదురింటికి పోతుందని నాన్న భయం. అటూ ఇటూ దుప్పట్లు పట్టిస్తే వీధిలోనే ఎక్కుతానంది. అట్లా చేస్తే బండి పట్టలేదని ఊరందరికీ తెలుస్తుంది. వెనక సందులోంచి నడిచి పోతానంది. "పటేలింటి ఆడది నడిచి పోతదా?" అన్నాడు. ఆలోచించి ఆలోచించి, గోడ కూలగొట్టి దర్వాజ వెడల్పు చేద్దామన్నాడు. దానికి మంచిరోజు కావాలి. మంచిరోజు నాలుగో నాడు ఉంది. ఆ మూడు రోజులూ మూట దర్వాజ పక్కనే ఉంది. అమ్మ వండింది, వడ్డించింది, తాను మాత్రం ముద్ద ముట్టలేదు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాలుగో నాడు తెల్లవారుతూనే తాపీమేస్త్రీ వచ్చి గోడకు కొలతలు తీస్తుంటే, అమ్మ మూట చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని దర్వాజ దాటింది.

"ఏంది గిది?" అన్నాడు నాన్న.

"మా అవ్వ దగ్గరికి పోతున్న" అంది.

నడివీధిలో, అందరూ చూస్తుండగా, జీతగాడితో ఎద్దులు కట్టించి, కంబం ఆసరా పట్టుకుని బండెక్కింది. ఆకాశం ఉన్న చోటనే ఉంది. మామ సున్నం వేలు గాల్లో పెట్టుకుని ఆకు సంగతి మరిచిపోయాడు.

పొద్దుగూకే వేళకు కోటగిరి చేరాం. అమ్మమ్మ ఆ తెల్లవారుజామునే పోయింది. మేం వెళ్ళేసరికి అంతా అయిపోయి జనం స్నానాలు చేసి వచ్చారు. "బండి సప్పుడైతే చాలు, నా బిడ్డొచ్చిందా అని అడిగింది" అని మా పెద్దమ్మ చెప్పింది. అమ్మ ఏడవలేదు. ఖాళీ మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది. మూడో నాడు నాన్న వచ్చి, ఆ పూటే వెళ్ళిపోయాడు.

దినాలు ముగించుకుని మేం తిరిగొచ్చేసరికి దర్వాజ ముందు కంబం లేదు. ఇద్దరు మనుషులు ఒక్క పూటలో పీకేశారట. గుంత పూడ్చి, పైన నున్నగా అలికించారు. కంబం ఎదురింటికి పోయింది. నాన్న తన జన్మలో అంతకన్నా పెద్ద త్యాగం చేసి ఉండడు. జీతగాడు హుషారుగా బండిని లోపలికి మలపబోయాడు. అమ్మ ఆపమంది. వీధిలోనే దిగి, నడిచి దర్వాజ దాకా వచ్చింది.

"పీకిచ్చిన. ఇగ నీకు ఫికర్ లేదు" అన్నాడు నాన్న.

అమ్మ ఆ అలికిన చోటు దిక్కు చూసింది.

"మళ్ళ పాతియ్యుండ్రి" అంది. "మీ అవ్వ సచ్చిపోతుంటే ఎందుకు పోలేదని ఎవ్వలన్న అడిగితే, నేను ఏం చూపియ్యాలె?"