అమ్మ నెయిల్ పాలిష్

మా అమ్మాయి నెయిల్ పాలిష్ మూత తీస్తే చాలు, నేను గదిలోంచి లేచి వెళ్ళిపోతాను.

అమ్మ హాస్పిటల్‌లో ఉన్న ఆ చివరి వేసవిలో నాకు ఏడేళ్ళు. సాయంత్రాలు అమ్మను చూసి వచ్చాక, నాన్న అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళోని మా అపార్ట్‌మెంట్‌లో డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, చిన్న గాలానికి ఈకలు చుట్టి ఉత్తుత్తి పురుగులు చేసేవాడు. నీటిమీద తేలే ఆ పురుగు నిజమైనదే అనుకుని ట్రౌట్ చేప నోరు తెరుస్తుందట. ఈకలు ఊడిపోకుండా ముడిమీద అమ్మ ఎర్ర నెయిల్ పాలిష్ ఒక చుక్క వేసేవాడు. అలా వేసీ వేసీ సీసా ఖాళీ అయింది.

ఆ శనివారం నాన్న ఏటిలో మోకాలి లోతున నిలబడి, ఆఖరి చుక్క వేసిన పురుగును విసిరాడు. చేప దాన్ని కరుచుకుని, దారం తెంపుకుని పోయింది. గట్టుమీద నాకు ఏడుపొచ్చేసింది.

"నాన్నా, పాలిష్ మొత్తం ఫినిష్ చేసేశావ్! అమ్మ ఇంటికొచ్చి అడిగితే ఏం చెప్తావ్?"

నాన్న వెనక్కి తిరగలేదు.

"అడగదులే బంగారం" అన్నాడు. పురుగు లేని ఉత్త దారాన్నే మళ్ళీ నీళ్ళలోకి విసిరాడు.

అమ్మకి కోపం రాదని చెప్తున్నాడనుకున్నాను. ఎంత తేలికైపోయిందో మనసు! ఈసారి అమ్మకి గులాబీ రంగు కొనాలని అక్కడే కూర్చుని అనుకున్నాను.