కుదుపు మాస్టారు డిగ్రీలో చేరారు

కుదుపు మాస్టారు దేన్నైనా ఒకసారి కుదిపి చూడందే నమ్మరు. కుర్చీ అయితే ఊపుతారు. తలుపు అయితే గుంజుతారు. మాట అయితే తిప్పి తిప్పి అడుగుతారు. కాలేజీలో మిగతావాళ్లు సాఫ్ట్‌వేర్ ఎలా రాయాలో చెబుతారు. అది ఎలా కూలుతుందో ఆయన చెబుతారు. ఆ బుద్ధి పాఠం గదిలోనే ఆగితే బాగుండేది. ఆగలేదు.

కొత్త గడియారం కొన్న రోజే దాన్ని బల్ల మీంచి కింద పడేశారు.

“పడ్డాక నడుస్తుందో లేదో తెలియాలి కదా” అన్నారు.

“తెలిసిందా?” అంది భార్య.

“తెలిసింది. నడవదు. ఇప్పుడే తెలియడం మంచిదైంది.”

కాలేజీకి లిఫ్టు వచ్చినప్పుడు మీటలన్నీ ఒక్కసారే నొక్కారు. లిఫ్టు రెండు అంతస్తుల నడుమ నిలబడిపోయింది. లోపల ప్రిన్సిపాల్ కూడా ఉన్నారు. చెమటలు తుడుచుకుంటున్న ఆయనతో మాస్టారు తాపీగా, “ఇప్పుడే తెలియడం మంచిదైంది కదండీ” అన్నారు. ప్రిన్సిపాల్ ఆనాటినుంచి మెట్లే ఎక్కుతున్నారు.

ఇదంతా మేనకోడలికి చిన్నప్పటినుంచీ తెలిసిన భాగోతమే. ఆమె కూడా ఆ కాలేజీలోనే లెక్చరర్. తాత్కాలిక ఉద్యోగం. పదిమందిలో ఆయన్ను ‘సార్’ అంటుంది. ఒళ్లు మండితే ‘మావయ్యా’ అంటుంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో కొత్త డిగ్రీ పెడదామని కాలేజీ అనుకున్నప్పుడు, ఏ ఏడు ఏం చదవాలో తేల్చే పని ఆమె నెత్తిన పడింది. అది ఈ వేసవిలో కమిటీ దాటితే డిగ్రీ మొదలవుతుంది, ఆమె ఉద్యోగం స్థిరపడుతుంది. దాటకపోతే రెండూ లేవు.

తిండీ నిద్రా మాని ఆమె గోడంత పటం గీసింది. నాలుగేళ్ల చదువు, గళ్లు గళ్లుగా. గడికీ గడికీ మధ్య బాణాలు. లెక్కలు వస్తేనే ప్రోగ్రామింగ్. ప్రోగ్రామింగ్ వస్తేనే మిగతావి. అన్నిటినీ రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించింది. చూస్తే ముచ్చటేసేది.

కమిటీ కూర్చుంది. మాస్టారు కుర్చీలన్నీ ఊపి చూసేదాకా ఎవరూ మాట్లాడలేదు.

“నెట్‌వర్కులకు ఒక్క గడేనా? ఉప్పు లేని కూరలా ఉంది” అన్నారు నెట్‌వర్కుల లెక్చరర్.

“ఉప్పు ఎక్కువైనా తినలేం సార్” అన్నారు డేటాబేసుల లెక్చరర్.

మాస్టారు పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. “బాగుంది. ఎవరైనా చదివి చూశారా?”

“ఇంకా మొదలే కాలేదు కదా సార్! ఎవరు చదువుతారు?” అంది మేనకోడలు.

“నేను.”

కమిటీ వాయిదా పడింది. మాస్టారు మర్నాడే భుజాన సంచీతో వచ్చారు. ఆమె వేసిన టైంటేబుల్ పట్టుకుని గదినుంచి గదికి పరుగెత్తారు. వగరుస్తూ వచ్చి వేలెత్తారు. “మేడమ్, సందేహం. ల్యాబుకీ క్లాసుకీ మధ్య మనిషన్నవాడు బాత్రూమ్‌కి ఎప్పుడు వెళ్లాలండీ?”

“నన్ను మేడమ్ అనకండి, సార్.”

“విద్యార్థిని కదా, అనకపోతే తప్పు.”

ఆమె టైంటేబుల్ మార్చింది. కాలేజీ అంతా నవ్వింది. లెక్కలు చెప్పే ఆవిడ కూడా నవ్వుతూనే ఆయనకు మొదటి సెమిస్టరు పాఠాలు క్లుప్తంగా చెప్పి, పరీక్ష పెట్టింది.

మాస్టారు తప్పారు.

“కావాలనే తప్పాను” అన్నారు.

“ఏమో” అంది లెక్కలావిడ. “మూడో లెక్క దగ్గర ఆయన పడ్డ తంటా నేను కళ్లారా చూశాను.”

ఆ తర్వాత మాస్టారు ఏ క్లాసుకూ పోలేదు. వరండాలో బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున వచ్చి కూర్చుంటారు. సాయంత్రం లేచి వెళతారు. కమిటీ మళ్లీ కూర్చునే రోజు దగ్గరపడింది. మేనకోడలికి ఓపిక పోయింది.

“మావయ్యా! నా ఉద్యోగంతో ఆటలా మీకు? లేవండి, క్లాసుకు పొండి.”

“నాకు క్లాసు లేదు మేడమ్. లెక్కలు తప్పినవాణ్ని ప్రోగ్రామింగ్‌కు రానివ్వరు. అది లేనిదే మిగతావాటికీ రానివ్వరు. లెక్కలు మళ్లీ చెప్పేది వచ్చే ఏడు. మీ పటంలో అంతే ఉంది.”

“అయితే ఇంటికెళ్లండి.”

“వెళ్లి చూశాను. లెక్కలు తప్పానని మీ అత్తయ్యతో చెప్పాను. ‘మరి ఏడాదిపాటు ఏం చేస్తారు?’ అంది. జవాబు లేదు.” ఈసారి మేడమ్ అనడం మరిచిపోయారు. “ఆ జవాబు లేకే చాలామంది మళ్లీ రారమ్మా. పరీక్ష తప్పినవాడు మనం ఎదురైతే వేరే మెట్లు దిగుతాడు. ఓ రోజు ఆ మెట్ల మీదా కనపడడు.”

చదివినన్నాళ్లూ క్లాసులో మొదటి మార్కులు ఆమెవే. ఆ రాత్రి పటం ముందు నిలబడింది. బాణాలన్నీ ముందుకే పోతున్నాయి. ఆమె గీసిన డిగ్రీలో అందరూ పాసయ్యే ఉన్నారు.

కమిటీ ముందు తానే నోరు విప్పింది. “ఇందులో ఒక తప్పుంది. తప్పినవాళ్లకు రెండో సెమిస్టరులోనే లెక్కలు మళ్లీ చెప్పాలి. పక్కనే ప్రోగ్రామింగ్ కూడా చదవనివ్వాలి.”

“బాగానే ఉందమ్మా, చెప్పేదెవరు? మనిషి దొరక్కపోతే డిగ్రీ సంగతి వచ్చే ఏడు చూద్దాం” అన్నారు ప్రిన్సిపాల్.

అందరూ లెక్కలావిడ వైపు చూశారు. “నా వల్ల కాదు. ఉన్న క్లాసులకే గొంతు పోతోంది.”

మేనకోడలు పటం చుట్టబోయింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“ఎవరూ లేకపోతే నేనున్నాను. లెక్కలు నేను చెబుతాను.”

“మీరా!” లెక్కలావిడ కుర్చీలోంచి లేచింది. “నా పరీక్షే తప్పిన మీరా? పిల్లల గొంతు కోస్తారా? అక్కర్లేదు, నేనే చెప్పి ఏడుస్తాను!”

“రాసుకోండి” అన్నారు ప్రిన్సిపాల్. డిగ్రీ కమిటీ దాటింది. మాస్టారు ఏమీ ఎరగనట్టు కిటికీ గొళ్లెం లాగి చూస్తున్నారు.

డిగ్రీ మొదలైంది. మొదటి పరీక్షలు అయ్యాయి. తప్పినవాళ్ల క్లాసు మొదటి రోజున మేనకోడలు గుమ్మం దగ్గర నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే తల దించుకుని వస్తున్నారు. అందరూ వెనక బల్లలకే పోతున్నారు. ముందు బల్ల మీద మాస్టారు ఒక్కరే, పుస్తకం తెరిచి కూర్చుని ఉన్నారు.

ఒకమ్మాయి ఆగింది. “సార్, మీరూనా?”

“నేనే ముందు. ఈ డిగ్రీలో మొట్టమొదట తప్పింది నేను. మీరంతా నా తర్వాతే.”

ఆ అమ్మాయికి నవ్వాలో వద్దో తెలియలేదు.

“ఈ మూడో లెక్క నీకేమైనా తెలుసా అమ్మా?”

“తెలీదండీ.”

“హమ్మయ్య” అన్నారు మాస్టారు, పక్కకు జరుగుతూ. “కూర్చో.”