ఉదయం పంతులుగారు, సాయంత్రం పాస్టరుగారు

దుర్గాశ్రీకి పెద్దవాళ్లంటే భయం లేదు, గౌరవం అంతకన్నా లేదు. అందుకు కారణం ఆ పెద్దవాళ్లే.

తండ్రి ఉదయభాస్కర్ పాలకొల్లు దగ్గర ఓ రైతు కుటుంబంలో ఆఖరివాడు. తల్లి దేవకుమారి లూథరన్ క్రైస్తవుల ఇంటి పిల్ల, టీచరు. పెళ్లి చేసుకునే ధైర్యం ఎలా వచ్చిందో గాని, ఆ తర్వాత ఇద్దరికీ నోరు విప్పే ధైర్యం రాలేదు. కూతుర్ని మాత్రం వంతులేసి పంపేవారు: శనివారం నాయనమ్మ మాణిక్యాంబ ఇంటికి, ఆదివారం తాతయ్య రాజరత్నంగారి వెంట చర్చికి.

నాయనమ్మ అభిమానం అరుగు దాకానే. అన్నం విస్తరాకులో అక్కడికే వచ్చేది. "లోపల ఉక్కగా ఉంటుందమ్మా, ఇక్కడైతే గాలాడుతుంది" అనేది. మిగిలిన మనవలంతా ఆ ఉక్కలోనే కంచాల్లో తినేవారు. తాతయ్య చర్చి గుమ్మంలోనే రుమాలుతో బొట్టు తుడిచి, "విగ్రహాల మధ్యనుంచి లాక్కొచ్చామండి" అని వచ్చిన ప్రతివారికీ చూపించి కీర్తన అప్పజెప్పించేవారు. ఎనిమిదేళ్లకే ఆ పిల్లకి తెలిసిపోయింది: ఒకరికి తను మైల, ఇంకొకరికి వేటలో దొరికిన పిట్ట.

తొంభై ఎనిమిదిలో ఓణీల ఫంక్షన్ మాట లేచింది. గడప దాటనివ్వని మాణిక్యాంబ 'మా ఇంట్లోనే' అంది, ఊళ్లో అడుగుతున్నారట. రాజరత్నంగారు ప్రార్థన కూడిక పెట్టాల్సిందే అన్నారు. ఉదయభాస్కర్ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఉదయం పంతులుగారు, సాయంత్రం పాస్టరుగారు అని ఒప్పందం కుదిరింది. ఓణీ వేసుకునే పిల్లని ఎవరూ అడగలేదు.

ఆ ఉదయం అక్షింతలు పడ్డాయి. వీడియో లైటు మొహాన మండుతోంది. మొదటి బంతికి జనం లేస్తుండగా దుర్గాశ్రీ గట్టిగా అడిగింది.

"నాయనమ్మా, ఇవాళ కూడా అరుగు మీదేనా, లోపల తినొచ్చా?"

పందిట్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

"అదేం మాటమ్మా! ఇదంతా నీ ఇల్లు కాదూ?" అని మాణిక్యాంబ నవ్వబోయింది.

"అయితే సరే."

వంటింట్లోకి నడిచి, పులిహోర గిన్నె మూత తీసి, తనే వడ్డించుకుని, పీట మీద కూర్చుని తీరిగ్గా తింది. బంధువులు చూస్తుంటే ఆపేదెవరు? చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వెళ్లేసరికి, ఆ గిన్నెని అప్పుడే తెచ్చి పనిమనిషి తలుపులమ్మ చింతపండేసి తోముతోంది.

"అమ్మగారు తోమమన్నారు పాపగారూ" అంది, తలెత్తకుండా.

సాయంత్రం తాతయ్య రుమాలు పట్టుకొచ్చారు. "బొట్టు తీసెయ్యి తల్లీ, పాస్టరుగారొచ్చారు. దేవుడు చూస్తాడు."

"చూడనివ్వండి. పొద్దున్నించీ చూస్తూనే ఉన్నాడుగా."

భోజనాలు చల్లారిపోతున్నాయని పాస్టరుగారు ఆ బొట్టు మీదుగానే ప్రార్థన కానిచ్చేశారు.

మర్నాటి నుంచి దుర్గాశ్రీ వంతులు మానేసింది. తల్లి ఏడ్చింది, తండ్రి పేపరు తిరగేశాడు. వాళ్ల మీద కోపం కూడా రాలేదు, చులకనే కలిగింది. ప్రేమించి పెళ్లాడిన ఇద్దరు చదువుకున్న మనుషులు, ఒక పిల్లకి కంచం పెట్టించలేకపోయారు.

పదేళ్లు తిరిగేసరికి ఆమె సామర్లకోట స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగంలో ఉంది. 'మా పిల్లే' అని రెండిళ్లవాళ్లూ చెప్పుకుంటున్నారు. ఇష్టమైన రోజు బొట్టు పెట్టుకుంటుంది, ఇష్టం లేని రోజు మానేస్తుంది. రోజూ వచ్చే ఓ పెద్దాయన అది గమనించి, ఓనాడు కౌంటర్లోకి తొంగిచూసి, "ఇంతకీ మీరేమిటోళ్లండి?" అన్నాడు.

"ఎక్కడికి వెళ్లాలో చెప్పండి" అంది దుర్గాశ్రీ. "వెనక జనం ఉన్నారు."