జీపు మీది ఎర్ర రిబ్బను

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఇంకా నడుస్తున్న ఏళ్లలో, చెరకు క్రషింగ్ మొదలైన చలికాలంలో, నన్ను అక్కడి హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రానికి ఔట్‌రీచ్ వర్కర్‌గా వేశారు. అంతకు ముందు నిజామాబాద్‌లో ఆయాగా చేశాను. అక్షరాలు దిద్దింది ముప్పై దాటాకే, వయోజన విద్యలో. దానికీ ముందు బీడీలు చుట్టాను. ఈ కొత్త పనికి చదువు కన్నా అదే ఎక్కువ అక్కరకొచ్చింది.

కేంద్రంలో ఎవరి పని వాళ్లది. రక్తం తీసి పరీక్షించేది ల్యాబ్ టెక్నీషియన్. పరీక్షకు ముందూ తర్వాతా మనిషిని కూర్చోబెట్టి మాట్లాడేది కౌన్సెలర్. ఔట్‌రీచ్ వర్కర్ అందరికన్నా కింద. పరీక్షకు జనాన్ని ఒప్పించాలి. మందులు మానేసినవాళ్ల ఇంటికి పోయి ఎందుకో కనుక్కోవాలి. ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది, మనిషి బతుకుతుంది, ఇంకొకరికి సోకే అవకాశమూ బాగా తగ్గుతుంది. మానేస్తే మళ్లీ లేస్తుంది. ప్రపంచమంతా ఈ జబ్బుకు అడ్డం కట్టే పని చివరికి ఇలా ఒక్కో గడప దగ్గర నడుస్తుంది.

నేను వీధిలోకి పోయేటప్పుడు చేతిలో కరపత్రాలు ఉండేవి కావు. బీడీల చాట ఉండేది. అరుగు మీద ఆడవాళ్ల మధ్య చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ కూర్చుంటే, నేనెవరి కోసం వచ్చానో ఎవరికీ తెలిసేది కాదు. చుట్టే చేతులు ఆగవు కాబట్టి ముఖాలు చూసుకోనక్కర్లేదు, అడగలేని మాటలు కూడా అడిగేవాళ్లు.

అలా నేను పోయే ఒక వీధిలో గంగామణి ఉండేది. భర్త చెరకు లారీ నడిపి, ఈ జబ్బుతోనే పోయాడు. ఆమె మందుల మీద ఉంది. ప్రతి నెలా నిజామాబాద్ పోయి తెచ్చుకునేది. వీధికి మాత్రం కండ్ల దవాఖాన అని చెప్పింది.

పక్కింటి మల్లవ్వ ఊరుకునే మనిషి కాదు. "ఏమే గంగామణీ, గిన్నిసార్లు పోతున్నవ్, అద్దాలన్న రాకపాయె. డాక్టర్ గిట్ట మంచిగున్నడా ఏంది?" అనేది. అరుగంతా నవ్వేది, గంగామణి కూడా. ఆ నవ్వు కింద ఆమె మందులు సాఫీగా నడిచాయి.

ఎయిడ్స్ దినం దగ్గరపడ్డప్పుడు జిల్లా నుంచి సూపర్‌వైజర్ సార్ వచ్చాడు. జీపు తెల్లగా ఉంది, రెండు వైపులా పెద్ద ఎర్ర రిబ్బను, దాని కింద వ్యాధి పేరు, అక్షరాలు జానెడు. మందులు క్రమం తప్పకుండా వాడుతున్న ఒక మహిళను ఇంటి దగ్గరే కలవాలన్నాడు. కౌన్సెలర్ నోట గంగామణి పేరు వచ్చింది.

"జీపు బస్టాండ్ల పెట్టున్రి సార్. ఆమెను నేనే కేంద్రానికి తోల్కొస్త," అన్నాను.

"డీజిల్ సర్కారుది రాజవ్వా, నీకెందుకు రంది?" అని నవ్వాడు.

దారి చూపనన్నాను. బస్టాండ్ దగ్గర జీపు దిగిపోయాను. గల్లీల్లోంచి నేను చేరుకునేసరికి జీపు వీధి మధ్యలో ఉంది. సార్ కిటికీలోంచి తల బయటపెట్టి గంగామణి ఇల్లు ఏదని గట్టిగా అడుగుతున్నాడు. చదువు రానివాళ్లు కూడా ఆ రిబ్బను గుర్తుపడతారు. అన్నేళ్లు ప్రతి గోడ మీదా వేసి గుర్తుపట్టేలా చేసింది మేమే కదా.

మర్నాడు బీడీ కార్ఖానాలో కమీషన్‌దారు గంగామణి బీడీలు ముట్టుకోలేదు. ఆకూ తంబాకూ ఇచ్చి, చుట్టిన బీడీలు కంపెనీ తరఫున తీసుకునేవాడు అతనే. వద్దంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. సంగతి తెలియగానే పరుగెత్తాను.

"తాగెటోళ్ల నోట్లకు పోతయ్ రాజవ్వా. జిమ్మేదారెవలు?" అన్నాడు.

"నిప్పు పెట్టి కాల్చేదానికి ఏం రోగమంటుతది? పొగ తాగి దగ్గి దగ్గి సచ్చెటోనికి ఎన్నడన్న జిమ్మేదారున్నవా నువ్వు?"

అక్కడున్నవాళ్లు కిసుక్కుమన్నారు. అతను గొంతు తగ్గించాడు. "అంటదని నాకు తెల్వదా? మీ మీటింగులల్ల కూసున్నోణ్ణే. కనీ రేపు పదిమంది ఆడోళ్లు నా కార్ఖానకు రామంటే నన్నేం జెయ్యమంటవ్?"

నాకు ఒళ్లు మండింది. తెలియనివాడికి చెప్పొచ్చు. తెలిసీ చేసేవాడికి ఏ కరపత్రం ఇవ్వాలి?

ఆ నెల గంగామణి మందులకు పోలేదు. ఇప్పుడు బస్సెక్కితే వీధంతా చూస్తుంది. నేను పోతే తలుపు సందులోంచే మాట్లాడింది. "మీ మందుల కోసం నా బువ్వ తీసిండ్రక్కా. ఇగ ఆ మందులేసుకొని బతికి ఏం తినాలె?"

 దానికి జవాబు మల్లవ్వ తెచ్చింది. తన చాట పట్టుకొచ్చి ఆ తలుపును కాలితో నెట్టింది. "నీ బీడీలు నా చాటల పొయ్. నా పేరు మీద ఇస్త, పైసలు నీకిస్త. దవాఖానకు నేన్గూడొస్త, నాగ్గూడ కండ్లు మసకలున్నయ్ తియ్."

గంగామణి మళ్లీ మందులు మొదలుపెట్టింది. దీన్ని మానవత్వం అని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. నేను మెచ్చుకోలేదు. మల్లవ్వ చేసింది మంచే. కానీ చుట్టేది ఒకరు, పేరు ఇంకొకరిది. తన బీడీ కార్డు మీద జమ కావాల్సిన పీఎఫ్ గంగామణికి ఆగిపోయింది. సార్‌ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఒప్పుకోలు లేకుండా ఒకరి సంగతి బయటపెట్టకూడదని తర్వాతి ఏళ్లలో చట్టమే వచ్చింది. మాకు ఆ నియమం ముందు నుంచీ ఉంది, శిక్షణలో మొదటి పాఠమే అది. జీపుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

క్రషింగ్ అయిపోయేదాకా ఆ వీధి నుంచి ఒక్కరు కూడా పరీక్షకు రాలేదు. సమీక్షా సమావేశంలో సార్ దానికి కారణం అవగాహన లోపమని చెప్పాడు.

ఆ వీధికి అవగాహన లోపం లేదు. మా దగ్గరికి వచ్చిన మనిషికి ఏమవుతుందో అది కళ్లారా చూసింది.