జలపాతం చూడడానికి ఆగలేదు

మొదటిసారి నా కాలు నాకు ఎదురుతిరిగిన రోజు నేను ఫ్రాన్స్‌లో ఉన్నాను. రెండు వేల నాలుగు వేసవి. మా చెల్లెలి కూతురు సుజాత, ఆమె భర్త ఆ దేశం దక్షిణాన ఉద్యోగాలు చేసుకుంటూ, నన్నూ నా భార్య సరస్వతినీ నెల రోజులకి పిలిపించుకున్నారు. అక్కడివాళ్ళకి ఆదివారం వస్తే పల్లెల్లో నడవడం అలవాటు. ఊరి చివర కారు ఆపి, ఏటి వెంట కాలిబాట పట్టి పోతారు. దారి తప్పకుండా రాళ్ళమీదా చెట్లమీదా పసుపు రంగు గీతలుంటాయి. కింద ఏరు, పైన అడవి, అక్కడక్కడా కొండ మీంచి దూకే నీళ్ళు.

పాత రాతి వంతెన దాటి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే, ఎడమ పిక్కని ఎవరో గుప్పిట్లో పెట్టి పిండినట్టయింది. ఆగాను. కాసేపటికి వదిలేసింది. మళ్ళీ నడిచాను, మళ్ళీ పట్టేసింది.

"మావయ్యా, కాళ్ళు నొప్పా? కూర్చుందామా?" అంది సుజాత.

"నొప్పేంటి? ఆ నీళ్ళు చూస్తున్నాను," అన్నాను.

ఎదురుగా నిజంగానే చిన్న జలపాతం ఉంది. ఆ తర్వాత పిక్క పట్టేసినప్పుడల్లా చూడడానికి ఏదో ఒకటి దొరికింది. ఒకచోట పాడుబడిన పిండిమర, ఒకచోట ఏట్లో రాళ్ళు, ఇంకోచోట మరో జలపాతం. "మావయ్యకి ప్రకృతంటే ఇంత ప్రేమని తెలీదత్తయ్యా," అని సుజాత మురిసిపోయింది. "నాకూ తెలీదమ్మా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పెరట్లో మల్లెచెట్టు వంక కూడా చూడలేదు," అంది సరస్వతి. ఒక మలుపులో నా వయసున్న ఒకాయన బూట్లు విప్పుకుని బండ మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగి చోటు చూపించాడు. తల ఊపి, నిలబడే ఉన్నాను.

ఎందుకు కూర్చోలేదో చెప్పాలి. మాది రేపల్లె దగ్గర ఒకప్పుడు పేరున్న కుటుంబం. పేరు తప్ప తక్కినవన్నీ పోయాక, మా నాన్నగారు రేపల్లె స్టేషన్‌లో రైలు దిగి ఊరికి నడిచే వచ్చేవారు. దారిలో ఎవరి బండీ ఎక్కేవారు కాదు. ఎక్కడా ఆగేవారూ కాదు. "దారి మధ్యలో నిలబడితే వీడి పని అయిపోయిందంటారు రా," అనేవారు. ఆయన నుంచి నాకు సంక్రమించిన ఆస్తి రెండే: ఆ నడకా, చుట్ట అలవాటూ.

తిరిగొచ్చాక తెనాలిలో, మేము అద్దెకుంటున్న ఇంటి నుంచి బజారుకి వెళ్ళడం కూడా కష్టమైంది. ఒకరోజు స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగిపోయాను. సరస్వతి నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి వచ్చింది.

"ఏంటండీ, ఆ బిందెలతో ఏం పని?"

"బాగున్నాయి కదా అని..."

"అక్కడ జలపాతాలు చూశారు. ఇక్కడ బిందెలు చూస్తున్నారు. రేపు మురిక్కాలవ దగ్గర ఆగి అది కూడా బాగుందంటారా? కాలికేమైందో చెప్పండి."

కొట్టతను స్టూలు జరిపి, "కూర్చోండి బాబాయిగారూ," అన్నాడు. అక్కర్లేదన్నాను.

ఆమె పోరు పడలేక ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నడుం కాస్త పట్టేస్తోంది, కాల్లోకి లాగుతోంది అని మాత్రం చెప్పాను. నడక గురించి చెప్పలేదు. ఆయన సయాటికా, నడుం దగ్గర నరం నొక్కుకుంది అని మాత్రలూ నడుముకి బెల్టూ రాశారు. నేను చెప్పిన జబ్బుకి ఆయనిచ్చిన మందు సరైనదే.

ఆ చలికాలం బాపట్లలో దగ్గర బంధువుల పెళ్ళి. స్టేషన్‌లో దిగగానే పెళ్ళివారబ్బాయి స్కూటరు తెచ్చాడు. సరస్వతిని ఎక్కించి, నేను నడిచే వెళ్ళాను. సుజాత కొనిపెట్టిన బూట్లు వేసుకున్నాను. చిటికెనవేలి పక్కన కరిచాయి. చిన్న పుండు. మామూలుగా వారంలో మానాల్సింది మానలేదు. వేలు ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడింది. పడుకుంటే పాదం మంట. మంచం మీంచి కాలు కిందికి వేలాడేసుకుంటే కొంచెం నయంగా ఉండేది. అప్పుడు సరస్వతి నన్ను అడగలేదు. ఆటో పిలిచి, గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడి వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టరు, చిన్న వయసువాడు. నా పాదం మీద రెండు వేళ్ళు ఆనించి అటూ ఇటూ జరిపి చూశాడు.

"ఇక్కడ పల్స్ దొరకడం లేదండి."

రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ పరీక్ష చేశారు. ఆ పరికరం గజ్జల దగ్గర పెడితే ఏరు పారుతున్న చప్పుడు వినిపించింది. మోకాలి కింద పెడితే ఏమీ లేదు.

"ఇది నరం జబ్బు కాదండి. రక్తనాళం మూసుకుపోయింది. పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్ అంటాం. నడిస్తే నొప్పి ఎప్పట్నించి వస్తోంది?"

"ఫ్రాన్స్ నుంచండీ," అంది సరస్వతి.

"పొగ తాగుతారా?"

"చుట్ట. బీడీ కాదు."

"కాలికి ఆ తేడా తెలీదండి," అన్నాడు.

ఆ రోజే చుట్ట మానేశాను. మా ఇంట్లో మాటంటే మాటే. కానీ కాలు నా మాట కోసం ఆగలేదు. యాంజియోగ్రామ్ చేసి, బెలూన్ వేసి, స్టెంట్ పెట్టారు. చిటికెనవేలు తీసేశారు. రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత స్టెంట్ బ్లాక్ అయింది, వేలి దగ్గర మొదలైన కుళ్ళు, గ్యాంగ్రీన్, పాదం మీదికి పాకింది. "మోకాలు మిగుల్చుకుందాం సార్. మోకాలుంటే మళ్ళీ నడుస్తారు," అన్నాడు సర్జన్. బిలో నీ ఆంప్యుటేషన్ అని, మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. సంతకం నేనే పెట్టాను. ఆ మాట ఎందుకు రాస్తున్నానో నాకే తెలీదు.

సుజాత ఫోన్‌లో ఏడ్చింది. "నేనే నడిపించాను కదా మావయ్యా."

"లేదమ్మా. నువ్వు కూర్చుందామా అన్నావు," అన్నాను.

పెట్టుడు కాలు అలవాటయ్యాక మళ్ళీ డాప్లర్ చేసి, కుడి కాల్లో కూడా నాళం సన్నబడిందన్నారు. ఇక మిగిలింది ఆ కాలే. సర్జన్ రాసిన వైద్యంలో మందులు కొన్ని, తక్కినదంతా నడక. "నొప్పి వచ్చేదాకా నడవండి. రాగానే ఆగి కూర్చోండి. తగ్గాక మళ్ళీ నడవండి. రోజూ."

"ఆగకుండా నడవగలనేమో చూస్తాను," అన్నాను.

"అలా చూసే ఒకటి పోగొట్టుకున్నారు సార్."

మర్నాడు పొద్దున్నే కాలవగట్టు మీద బయల్దేరాను. మొదటి నొప్పి మంగమ్మ టీకొట్టు ఎదురుగా వచ్చింది. బయట బెంచీ ఉంది. మా నాన్నగారు బతికినన్నాళ్ళూ ఒక టీకొట్టు బెంచీ మీద కూర్చోగా ఎవరూ చూడలేదు.

"కూర్చోండి బాబాయిగారూ. టీ తాగకపోయినా ఫర్లేదు, బెంచీ మిమ్మల్నేం అడగదులెండి," అంది మంగమ్మ.

కూర్చున్నాను. ఊరంతా చూస్తుందనుకున్నాను. సైకిళ్ళవాళ్ళు పోయారు, పాలవాళ్ళు పోయారు. ఎవరూ చూడలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఎవరి కోసం అన్నాళ్ళు నిలబడ్డానో, వాళ్ళెవరూ అక్కడ లేరు.

మూడేళ్ళయింది. కుడి కాలు ఉంది. ఎన్నాళ్ళుంటుందో సర్జన్ చెప్పడు, నేనడగను. లేని ఎడమ పిక్క కొన్ని రోజులు ఇప్పటికీ పట్టేస్తుంది. అది ఎక్కడ ఆగినా తగ్గదు. ఫ్రాన్స్ ఫోటోలు సరస్వతి లోపల పెట్టేసింది. చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే వదిలేస్తుంటే, ఆ మాట ఉన్నదున్నట్టు డాక్టరుకి చెప్పండి. పాదం మీద పల్స్ చూడమని మీరే అడగండి.

మొన్న ఎండల్లో, కాలవ కట్టేసిన రోజుల్లో, బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన గట్టు మీద నడుస్తూ వచ్చి టక్కున ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని కాలవలోకి చూస్తూ నిలబడ్డాడు. కాలవలో చుక్క నీరు లేదు. బీటలు తీసిన బురదా, ఒక తెగిన చెప్పూ ఉన్నాయి. కాసేపటికి కదిలి, కొంచెం దూరం పోయి, మళ్ళీ ఆగి కాలవ చూశాడు. తిరిగొచ్చేటప్పుడు సరిగ్గా మా బెంచీ ఎదురుగా ఆగాడు.

నేను పక్కకి జరిగాను. "కూర్చోండి."

"అబ్బే, పర్లేదండి. కాలవ చూస్తున్నాను."

"నేనూ చాలా చూశానండి," అని పంచె కాస్త పైకి జరిపి నా ఎడమ కాలు చూపించాను. "ఏ కాలు?"

ఆయన దాని వంక చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కుడిదండి," అన్నాడు.